సాగు హక్కు, నివాస హక్కు: న్యాయవాది టంగుటూరి ప్రకాశం పంతులు గ్రామాభివృద్ధి దృష్టి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు జాతీయోద్యమ నాయకత్వంపై విస్తృతమైన రచన వెలువడింది. న్యాయవాదిగా ఆయన పొందిన అనుభవం భూమి, ఋణం, గ్రామాభివృద్ధి అన్న మూడు అంశాలలో ఏ రూపం ధరించిందన్న విషయంపై జరిగిన చర్చ తక్కువ. 1938 నాటి జమీందారీ విచారణ సంఘ నివేదిక, 1946 నాటి ఫిర్కా అభివృద్ధి పథకం – ఈ రెండింటినీ కలిపి చదివి, వాటి పరిధిలోకి రాని గ్రామీణ కూలీ ఇంటిస్థలం సమస్యను గుంటూరు, ప్రకాశం మైదాన ప్రాంతం నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సాగుచేసేవానికి హక్కు అన్న సూత్రం నివసించేవానికి హక్కుగా చట్టంలో విస్తరించడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: టంగుటూరి ప్రకాశం, ఫిర్కా అభివృద్ధి, గ్రామీణ ఋణం, ఇంటిస్థలం, గ్రామనత్తం, గుంటూరు, ప్రకాశం జిల్లా, సహకార సంఘాలు.

1. ఉపోద్ఘాతం

గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానంలో నల్లరేగడి విస్తారం. పత్తికి, మిరపకు అనుకూలమైన ఈ నేల ఇంటికి అంత అనుకూలమైనది కాదు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే రేగడిపై లోతైన పునాది లేని గోడ నిలవదు. పునాదికి ఖర్చు పెట్టగల రైతు రాతికట్టుతో మిద్దె వేసుకున్నాడు. ఆ స్తోమత లేని కూలీ పాటిమట్టి గోడలపై తాటాకు కప్పుకొని, వానకాలానికొకసారి మరమ్మతు చేసుకుంటూ గడిపాడు. ఇల్లు కట్టడానికి అప్పు కావాలి. అప్పు పుట్టడానికి హామీ కావాలి. హామీగా చూపడానికి భూమిపై హక్కు పత్రం కావాలి. ఈ వరుసలో చివరిది లేనివానికి మొదటిది దక్కలేదు. కనుక ఈ ప్రాంతంలో పేదల గృహవసతి చరిత్రను నిర్మాణ చరిత్రగా కంటే హక్కు పత్రాల చరిత్రగా, ఋణ చరిత్రగా చదవడం సమంజసం.

హక్కు పత్రాలు, ఋణ పత్రాలు న్యాయవాదుల కార్యక్షేత్రం. ఆంధ్రదేశంలో జాతీయోద్యమానికి నాయకత్వం వహించినవారిలో పలువురు న్యాయవాద వృత్తినుండి వచ్చినవారే. గుంటూరులో కొండా వెంకటప్పయ్య, ఉన్నవ లక్ష్మీనారాయణ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. వీరిలో శాసన, పాలనాధికారం చేతికందినవాడు ప్రకాశం. ఆ అధికారాన్ని ఆయన గ్రామం కోసం ఎలా వినియోగించాడు? ఆ వినియోగానికి హద్దులు ఎక్కడ ఏర్పడ్డాయి? ఈ రెండు ప్రశ్నలు ఈ పరిశీలనకు ఆధారం.

2. పూటకూళ్ళ ఇంటి నుండి హైకోర్టు వరకు

ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో సుబ్బమ్మ, గోపాలకృష్ణయ్య దంపతులకు జన్మించాడు. బాల్యంలోనే తండ్రి మరణించడంతో తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచింది. ఒంగోలు అప్పటికి నెల్లూరు జిల్లాలోని భాగం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఆదరణతో రాజమండ్రి చేరిన ప్రకాశం, న్యాయశాస్త్రం చదివి అక్కడ రెండవ తరగతి ప్లీడరుగా వృత్తి సాగించాడు. పురపాలక సంఘాధ్యక్షుడుగా కూడా పనిచేశాడు. ప్లీడరుకు హైకోర్టులో వాదించే అర్హత లేదు. ఆ అవరోధాన్ని దాటడానికి ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై, 1907లో మద్రాసు హైకోర్టులో వృత్తి చేపట్టాడు. వృత్తిలో విశేషంగా ఆర్జించి, 1921లో దానిని విడిచి, 'స్వరాజ్య' పత్రికను స్థాపించాడు. ఆర్జించిన ఆస్తి క్రమంగా ఆ పత్రికకు, ఉద్యమానికి హరించుకుపోయింది. ఈ ప్రస్థానాన్ని ఆయన స్వీయచరిత్ర 'నా జీవితయాత్ర' విపులంగా నమోదు చేసింది.

ఈ జీవితంలో మన పరిశీలనకు ముఖ్యమైనది ఒక వృత్తిగత సంస్కారం. జిల్లా న్యాయస్థానాలలో పనిచేసిన ప్లీడరుకు ప్రోనోటు, తనఖా, డిక్రీ, జప్తు, వేలం నిత్యానుభవాలు. ఊరి బతుకు కాగితంపై ఎలా తారుమారవుతుందో అతనికి తెలుసు. భూమి ఎవరిదన్న ప్రశ్నకు ధర్మశాస్త్ర సమాధానం వేరు, దస్తావేజు సమాధానం వేరు అన్న ఎరుక ఈ వృత్తినుండే వస్తుంది. ప్రకాశం తరువాతి రాజకీయ నిర్ణయాలలో ఈ ఎరుక స్పష్టంగా కనిపిస్తుంది.

3. చట్టం దృష్టిలో ఇల్లు

ఆనాటి చట్టం గ్రామీణుని ఇంటిని ఎలా చూసిందో గమనించడం అవసరం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం వ్యవసాయదారునికి చెంది, అతడు నివసిస్తున్న ఇంటిని డిక్రీ అమలులో జప్తు చేయరాదు. ఈ రక్షణకు రెండు హద్దులున్నాయి. ఇంటినే తనఖా పెట్టి అప్పు తెచ్చినవానికి, ఆ తనఖాపై వచ్చిన డిక్రీ నుండి ఈ సెక్షన్ రక్షణ ఇవ్వదు. అంటే ఇంటిని ఋణానికి హామీగా మార్చిన క్షణంలోనే రక్షణ తొలగిపోతుంది. రెండవది, 'వ్యవసాయదారుడు' అన్న మాటలో కూలి చేరతాడా అన్నది న్యాయస్థానాల వ్యాఖ్యానానికి విడిచిపెట్టిన విషయం.

ఇంటిస్థలం విషయంలోనూ ఇటువంటి వ్యత్యాసమే ఉంది. 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణ చట్టం, ఇంటిస్థలంగా లేదా దొడ్డిగా సొంతమైన భూమిని ప్రభుత్వ ఆస్తి నిర్వచనం నుండి మినహాయించింది. గ్రామనత్తంలో తరతరాలుగా ఇల్లున్నవానికి ఇది బలమైన ఆధారం. ఊరికి వెలుపల, రైతు పట్టాభూమిలోనో, పోరంబోకులోనో గుడిసె వేసుకున్న మాలపల్లె, మాదిగపల్లె వాసులకు ఈ ఆధారం సులభంగా అందేది కాదు. ఏడాది జీతానికి ముందస్తు సొమ్ము తీసుకొని రైతు చేనివద్దనే గుడిసెలో ఉండే పాలేరుకు, పని పోతే నీడ కూడా పోయేది.

ఈ వెలుపలి పల్లెను సాహిత్యంలో కేంద్రస్థానానికి తెచ్చినవాడు మరొక గుంటూరు బారిస్టరు, ఉన్నవ లక్ష్మీనారాయణ. 1922లో చెరసాలలో ఆయన రాసిన 'మాలపల్లి' నవల రామదాసు కుటుంబం ద్వారా కూలీల ఆర్థిక, సామాజిక స్థితిని చూపింది. ప్రభుత్వ నిషేధానికి గురైంది. ప్రకాశం శాసన మార్గంలో చూడవలసిన మనిషిని ఉన్నవ నవలా మార్గంలో ముందే చూశాడని చెప్పడం అతిశయోక్తి కాదు.

ప్రభుత్వం వైపునుండి కూడా కొంత ప్రయత్నం జరిగింది. 1920లో మద్రాసు రాష్ట్రంలో లేబర్ కమిషనర్ వ్యవస్థ ఏర్పడిన తరువాత, అణగారిన వర్గాల ఇంటిస్థలాల కోసం భూసేకరణ చేపట్టి, దాని ఖరీదును లబ్ధిదారుల నుండి చిన్న వాయిదాలలో రాబట్టే పద్ధతి అమలైంది. వసూలుకు సహకార సంఘాలను వాహికగా వాడారు. తంజావూరు జిల్లాలో ఈ కార్యక్రమం ముమ్మరంగా సాగింది. పేదల కోసం వాయిదాల పద్ధతిపై ఇంటిస్థలం సమకూర్చడమన్న ఆలోచనకు తెలుగు ప్రాంతాలు భాగమైన ఆ రాష్ట్రంలో ఇది తొలి నమూనాలలో ఒకటి. అయితే రోజుకూలిపై బతికే కుటుంబానికి భూమి ఖరీదు వాయిదా కూడా మరొక అప్పే అయింది.

4. 1938: సాగుచేసేవాడే హక్కుదారు

1937లో రాజగోపాలాచారి మంత్రివర్గంలో ప్రకాశం రెవెన్యూ మంత్రి అయ్యాడు. జమీందారీ ప్రాంతాల పరిస్థితులను విచారించే సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఒంగోలుకు పడమట దర్శి, పొదిలి ప్రాంతాలు వేంకటగిరి జమీందారీలోనివి; కనుక ఈ విచారణ ఆయన పుట్టిన సీమకు పరాయిది కాదు. 1938లో వెలువడిన నివేదిక సారాంశం ఇది: భూమికి యజమాని సాగుచేసే రైతు, జమీందారు శిస్తు వసూలుచేసి ప్రభుత్వానికి చెల్లించే మధ్యవర్తి మాత్రమే, శిస్తును 1802 నాటి శాశ్వత పరిష్కారం స్థాయికి తీసుకురావాలి. మంత్రివర్గం 1939 అక్టోబరులో రాజీనామా చేయడంతో ఇది అప్పట్లో చట్టం కాలేదు. 1948 నాటి జమీందారీ రద్దు చట్టానికి మాత్రం ఇది భూమిక కల్పించింది.

ఇది న్యాయవాది వాదన. జమీందారు చేతి సనదుకంటే రైతు అనుభవం ప్రాచీనమనీ, పత్రం హక్కును పుట్టించదు, ఉన్న హక్కును నమోదు మాత్రమే చేస్తుందనీ ఇందులోని మూలసూత్రం. నిరంతర అనుభవమే హక్కుకు మూలమన్న ఈ సూత్రాన్ని తార్కికంగా పొడిగిస్తే, తరాలుగా ఒక స్థలంలో నివసించేవానికి ఆ స్థలంపై హక్కు ఉండాలి. నివేదిక పరిధి ఆ పొడిగింపును కోరలేదు. సంఘం విచారించిన చట్టం 1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ యాక్టు. ఆ చట్టంలో రైతుహక్కు పుట్టే 'రైతీ భూమి' నిర్వచనం నుండి గ్రామనివాస స్థలాలు, కళ్ళాలు, పశువుల మందబయళ్ళు మినహాయింపబడ్డాయి. చర్చ అంతా చేను చుట్టూ తిరిగింది. ఇల్లు దాని వెలుపల మిగిలింది.

అదే మంత్రివర్గం కాలంలో వచ్చిన 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం కూడా ఇదే హద్దును పాటించింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై పేరుకుపోయిన వడ్డీని ఈ చట్టం రద్దు చేసింది. అసలుకు రెట్టింపు అప్పటికే చెల్లించినవారి ఋణం తీరినట్లు ప్రకటించింది. పత్తి, మిరప, పొగాకు ధరలు ఆర్థిక మాంద్యంలో కుప్పకూలిన ఈ మైదానంలోని రైతుకు ఇది పెద్ద ఊరట. చట్టం నిర్వచించిన 'వ్యవసాయదారుడు' భూమిలో విక్రయయోగ్యమైన హక్కో, కౌలుహక్కో ఉన్నవాడు. భూమి లేని కూలీ చేసిన అప్పు ఈ నిర్వచనంలో ఇమడలేదు.

దీర్ఘకాలిక ఋణవ్యవస్థదీ అదే స్వభావం. 1929లో ఏర్పడిన మద్రాసు కేంద్ర సహకార భూమి తనఖా బ్యాంకు, డిబెంచర్ల ద్వారా సమీకరించిన సొమ్మును భూమి హామీపై పాత అప్పులు తీర్చడానికి ఇచ్చింది. పట్టణాలలో ఏర్పడిన గృహనిర్మాణ సహకార సంఘాలు ప్రధానంగా ఉద్యోగులకు, వృత్తిజీవులకు ఉపయోగపడ్డాయి. చేనున్న రైతుకు ఒక బ్యాంకు, జీతమున్న పట్టణవాసికి ఒక సంఘం ఏర్పడగా, ఈ రెండూ లేని గ్రామీణ కూలీకి సంస్థాగత ఋణద్వారం తెరుచుకోలేదు.

5. 1946: ఫిర్కా అభివృద్ధి

1946 ఏప్రిల్ 30న ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి పదవి చేపట్టి, 1947 మార్చి 23 వరకు కొనసాగాడు. పదకొండు నెలలలోపు ముగిసిన ఈ పాలనలో గ్రామానికి సంబంధించి మూడు నిర్ణయాలు ముఖ్యమైనవి. వస్త్ర మిల్లుల విస్తరణను నిరాకరించి, చేతివడుకుకు, ఖద్దరుకు ప్రాధాన్యమివ్వడం మొదటిది. పండిన పత్తి దూది రూపంలో మిల్లులకు తరలిపోయే గుంటూరు సీమకు ఈ విధానం నేరుగా తగిలేది. ఉత్పత్తిదారులు, వినియోగదారులు కలిసి ఉండే సహకార సంఘాల స్థాపనను ప్రోత్సహించడం రెండవది. మూడవది ఫిర్కా అభివృద్ధి పథకం.

ఫిర్కా అంటే తాలూకా లోపలి రెవెన్యూ విభాగం. కొన్ని గ్రామాల సముదాయం. 1946 చివరి మూడు నెలల్లో 34 ఫిర్కాలలో ఈ పథకం ప్రారంభమైంది. 1950లో మరో 50 ఫిర్కాలకు విస్తరించింది. రహదారులు, త్రాగునీరు, పారిశుద్ధ్యం, పంచాయతీల ఏర్పాటు, సహకార సంఘాల నిర్మాణం దీని సమీప లక్ష్యాలు. వ్యవసాయం, నీటిపారుదల, పశుపోషణ, ఖద్దరు, కుటీర పరిశ్రమల ద్వారా గ్రామాన్ని స్వయంపోషకం చేయడం దూర లక్ష్యం. గాంధీజీ గ్రామస్వరాజ్య భావన దీనికి ప్రేరణ.

ఈ పథకం కాలక్రమంలో ఎక్కడ నిలుస్తుందో గమనించదగినది. ఉత్తర ప్రదేశ్‌లో ఆల్బర్ట్ మేయర్ ఇటావా ప్రయోగం 1948లో మొదలైంది. భారత ప్రభుత్వ సమాజాభివృద్ధి కార్యక్రమం 1952 అక్టోబరు 2న ప్రారంభమైంది. ఫిర్కా పథకం ఆ రెండింటికీ ముందుది; తరువాత సమాజాభివృద్ధి కార్యక్రమంలో కలిసిపోయింది. మేయర్ వృత్తిరీత్యా వాస్తుశిల్పి, ప్రకాశం న్యాయవాది. విశేషమేమంటే ఈ రెండు ప్రయోగాలలోనూ పేదవాని ఇంటికి ఋణం సమకూర్చడం ప్రధానాంశంగా కనిపించదు. గ్రామాన్ని ఒక ఉమ్మడి కుటుంబంగా భావించిన ఆ కాలపు ఆదర్శం, ఆ కుటుంబంలో ఇంటి లోపల ఉన్నదెవరు, వెలుపల ఉన్నదెవరు అన్న ప్రశ్నను వెనక్కి నెట్టింది. బావి తవ్వినా, బాట వేసినా ఊరు బాగుపడుతుంది. ఊరి వెలుపలి గుడిసె ఎవరి భూమిలో ఉన్నదన్న ప్రశ్నకు బావి, బాట సమాధానం చెప్పవు.

ఇక్కడ ప్రకాశాన్ని తప్పుపట్టడం ఈ వ్యాసం అభిమతం కాదు. పదకొండు నెలలైనా నిండని పాలన, పార్టీలోని అంతర్గత విభేదాలు, యుద్ధానంతర ఆహార కొరత ఆయన ముందున్న పరిస్థితులు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర తొలి ముఖ్యమంత్రిగా ఆయనకు లభించిన రెండవ అవకాశం కూడా 1954 నవంబరులో మద్యనిషేధ వివాదంతో ముగిసింది. 1957 మే 20న ఆయన మరణించాడు. అయినా చరిత్ర రచనలో ఒక నాయకుని దృష్టి ఎంతవరకు ప్రసరించిందో చెప్పడం, ఎక్కడ ఆగిందో చెప్పడం రెండూ అవసరమే.

6. 1976–1979: సూత్రం పొడిగింపు

ఆగిన చోటునుండి చట్టం కదలడానికి 1970వ దశకం రావలసివచ్చింది. 1971లో భూమిలేని గ్రామీణ కూలీలకు ఉచితంగా ఇంటిస్థలాలిచ్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. 1974లో అది రాష్ట్రాల బాధ్యతగా మారింది. ఆ తరువాత స్వల్ప వ్యవధిలో మూడు శాసన మార్పులు వచ్చాయి. 1976 నాటి ఆంధ్రప్రదేశ్ నివాసస్థలాల అనుభవదారుల యాజమాన్య హక్కు చట్టం, ఇతరుల భూమిలో గుడిసె వేసుకొని నివసిస్తున్న వ్యవసాయ కూలీలకు, చేతివృత్తులవారికి ఆ స్థలంపై యాజమాన్యం కల్పించింది. అదే ఏడాది సివిల్ ప్రొసీజర్ కోడ్ సవరణ, 60వ సెక్షన్ రక్షణలో వ్యవసాయదారుని పక్కన కూలీని, ఇంటి పనివారిని స్పష్టంగా చేర్చింది. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ ఋణ విమోచన చట్టం చిన్నరైతుతో పాటు వ్యవసాయ కూలీని, గ్రామీణ చేతివృత్తిదారుని లబ్ధిదారులుగా పేర్కొంది.

1938లో వెలుపల మిగిలిన మనిషి 1976–77లో మూడు ద్వారాల గుండా చట్టంలోకి ప్రవేశించాడు. ప్రకాశం నివేదిక నుండి ఈ చట్టాలకు నేరైన వారసత్వం ఉన్నదని ఇక్కడ వాదించడం లేదు. సాగు అనుభవం భూమిహక్కును పుట్టిస్తుందన్న సూత్రానికి, నివాస అనుభవం స్థలహక్కును పుట్టిస్తుందన్న సూత్రానికి ఉన్న తార్కిక బంధుత్వాన్ని మాత్రమే ఈ వ్యాసం గుర్తిస్తున్నది.

హక్కు వచ్చాక ఋణం వచ్చింది. 1977 నవంబరు 19 నాటి తుఫాను దివిసీమతో పాటు గుంటూరు జిల్లా తీరగ్రామాలనూ దెబ్బతీసి, మట్టిగోడ, తాటాకు కప్పు ఎంత బలహీనమో దారుణంగా నిరూపించింది. 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1970లో కేంద్రం స్థాపించిన హడ్కో వంటి సంస్థల ఋణంతో, ప్రభుత్వ రాయితీతో బలహీన వర్గాల గృహనిర్మాణం 1983 తరువాత ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో విస్తరించింది. 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది. ఊళ్ళ పక్కన వెలసిన కాలనీలు ఈ చరిత్రకు ప్రత్యక్ష సాక్ష్యాలు. స్థలంపై పట్టా లేనివానికి ఆ ఇల్లు మంజూరు కావడం కష్టమన్న నియమంలో, ఉపోద్ఘాతంలో చెప్పిన వరుస మళ్ళీ కనిపిస్తుంది.

7. ముగింపు

ప్రకాశం పేరు నేడు ఒక జిల్లాకు ఉన్నది. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన ఆ జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు. ఆ పేరును స్మరించడమంటే ఆయన వాదించిన సూత్రాన్ని నేటి పరిస్థితికి అన్వయించి చూడడం కూడా. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాలలో పత్తి, మిరప సాగులో కౌలురైతుల పాత్ర గణనీయం. 1987–88లో తెల్లదోమ తాకిడికి పత్తి దెబ్బతిని ఈ ప్రాంతంలో రైతులు ఆత్మహత్యలకు పాల్పడిన విషాదం, పెట్టుబడి అప్పు కుటుంబం నిలువనీడను ఎలా కబళించగలదో చూపింది. కౌలుదారుకు ఋణార్హత కల్పించడానికి 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం వచ్చాయి. రెండూ భూమి యజమాని హక్కుకు భంగం లేకుండా పంటపై మాత్రమే కౌలుదారును గుర్తించాయి. సాగుచేసేవాడే హక్కుదారు అన్న 1938 నాటి వాక్యానికి, ఈ పరిమిత గుర్తింపుకు మధ్య దూరం ఎంతో కొలవడం పరిశోధకుల ముందున్న పని.

న్యాయవాదిగా ప్రకాశం నేర్చినది పత్రం వెనుక ఉన్న అనుభవాన్ని చూడడం. ఆ చూపుతో ఆయన చేనిలోని రైతును చూశాడు. గట్టు అవతల గుడిసెలోని కూలీని చట్టం చూడడానికి మరో తరం పట్టింది. గ్రామ రికార్డులు, సహకార సంఘాల దస్త్రాలు, జిల్లా న్యాయస్థానాల తీర్పులు ఆధారంగా ఒక్కొక్క ఊరి ఇంటిస్థలాల చరిత్రను వెలికితీస్తే, ఆ మధ్యకాలంలో ఎందరు ఏ నీడన బతికారో తెలుస్తుంది. ఆంధ్రదేశ గ్రామాభివృద్ధి చరిత్రలో ఆ అధ్యాయం ఇంకా రాయవలసే ఉన్నది.